రసీదులో ఒక్కరు, హక్కులో ఆరుగురు: ఒక ఇల్లు కూతురి పేరుకు మారిన కేసు

పోయినేడాది మార్చిలో 71 ఏళ్ల పెద్దావిడ తన చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు, ఆధార్ కార్డు. "ఇల్లు మా చిన్నదాని పేరు మీద రాసేయాలి నాయనా. శుక్రవారం మంచిదన్నారు, ఆ రోజుకి అయిపోతుందా?" అని అడిగారు.

ఆ శుక్రవారానికి కాలేదు. తర్వాత దాదాపు ముప్ఫై శుక్రవారాలు గడిచాయి. అందుకే ఈ కేసు రాస్తున్నాను. నేను ఇరవై రెండేళ్లుగా గుంటూరు జిల్లాలో ఆస్తి దస్తావేజులు చూస్తున్న లాయర్ని. ఇంట్లో వాళ్లకే ఇల్లు రాసివ్వడం చాలా సులువైన పని అనుకుని వచ్చేవాళ్లను వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూస్తాను. ఈ కుటుంబం అనుమతితోనే, ఎవరి పేరూ చెప్పకుండా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇల్లు మూడు సెంట్ల స్థలంలో ఉంది, అంటే సుమారు 145 చదరపు గజాలు. ముందు గది అద్దెకిచ్చారు, వెనక భాగంలో పెద్దావిడ, చిన్నకూతురి కుటుంబం ఉంటారు. అల్లుడు పైన ఒక పోర్షన్ వేద్దామనుకుంటున్నాడు. తన డబ్బు పెట్టి కట్టేటప్పుడు కాగితం సరిగ్గా ఉండాలన్నది అతని మాట. అందులో తప్పేమీ లేదు. పెద్దకూతురిది విజయవాడ. కొడుకు అమెరికాలో ఉద్యోగం. ముగ్గురి మధ్యా గొడవల్లేవు. చిన్నమ్మాయే అమ్మను చూసుకుంటోంది కాబట్టి ఇల్లు తనకే వెళ్లాలని మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, ఈ ఇల్లు ఎవరి పేరు మీద కొన్నారు?"

"మా ఆయన పేరు మీద. ఆయన పోయాక మున్సిపాలిటీలో నా పేరుకు మార్పించాం. అదిగో, రసీదు మీద నా పేరే ఉంది."

కేసు మలుపు తిరిగింది ఇక్కడే. మున్సిపాలిటీ రికార్డులో పేరు మారడమంటే ఇంటి పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకోవడం, అంతే. దానివల్ల యాజమాన్యం రాదు. సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నో తీర్పుల్లో చెప్పింది. కానీ మన ఇళ్లలో పన్ను రసీదు మీద పేరుంటే ఇల్లు వాళ్లదే అన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. ఆవిడ ముఖంలో రంగు మారింది. "అంటే ఈ ఇల్లు నాది కాదా?" అన్నారు. "మీది కూడానమ్మా, మీ ఒక్కరిదే కాదు" అన్నాను.

లింక్ డాక్యుమెంటు, అంటే ఇల్లు కొన్నప్పటి పాత దస్తావేజు, తెప్పించి చూశాను. 1987లో భర్త తన జీతం డబ్బుతో కొన్నారు. అంటే స్వార్జితం. 2009లో ఆయన పోయారు. వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం వీలునామా లేకుండా మగవారు పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమానంగా వాటాదారులు. ఈ జాబితాలో చివరి మాట చాలామంది మరిచిపోతారు. అందుకే నేను ప్రతిసారీ అడుగుతాను: "ఆయన పోయేనాటికి ఆయన తల్లి ఉన్నారా?"

ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత, 2013లో పోయారు.

చిన్నమ్మాయి "నాయనమ్మకు ఇల్లెందుకు వస్తుంది సార్, ఆవిడ బాబాయి వాళ్లింట్లోనే ఉండేది" అంది. ఎక్కడ ఉన్నారన్నది వాటాకు సంబంధం లేని విషయం. 2009లో ఆ ఇల్లు ఐదు సమాన వాటాలైంది: భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, తల్లి. 2013లో ఆ తల్లి వీలునామా లేకుండా పోవడంతో ఆమె ఐదో వంతు ఆమె పిల్లలకు వెళ్లింది. ఆమెకు ముగ్గురు పిల్లలు: చనిపోయిన ఈ కొడుకు, ఇంకో కొడుకు, ఒక కూతురు. చనిపోయిన కొడుకు వంతు ఆయన పిల్లలకు వస్తుంది, కోడలికి రాదు. ఆడవారి ఆస్తికి ఉన్న సెక్షన్ 15లో ముందు వరుసలో మనవలు ఉన్నారు గానీ కోడలు లేదు.

తెల్లకాగితం తీసుకుని ఇంటిని 45 భాగాలు చేసి చూపించాను. పెద్దావిడకు 9. ముగ్గురు పిల్లలకు తండ్రి నుంచి 9, నాయనమ్మ నుంచి 1 కలిపి తలా 10. బాబాయికి 3, మేనత్తకు 3. మొత్తం 45. రసీదు మీద ఒక్కరి పేరున్న ఇంటికి ఆరుగురు హక్కుదారులు. అందులో బాబాయితో వీళ్లకు పదేళ్లుగా రాకపోకలు లేవు.

ఇది పట్టించుకోకుండా పెద్దావిడ చేత నేరుగా రాయించేసి ఉంటే రిజిస్ట్రేషన్ జరిగిపోయి ఉండేదేమో. కానీ చిన్నమ్మాయికి చట్టబద్ధంగా వచ్చేది తల్లి దగ్గరున్న 9 భాగాలే. తనవి 10 కలిపినా 19. అల్లుడు లక్షలు పోసి పైపోర్షన్ వేశాక, ఎప్పుడో బ్యాంకు లాయరో, కొనడానికి వచ్చినవాళ్ల లాయరో ఈ లెక్క తీస్తే అప్పటికి సంతకం పెట్టాల్సినవాళ్లు బతికుండకపోవచ్చు. వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు... వాటాలు చిన్నవై సంతకాలు పెరుగుతూ పోతాయి.

ఇంకో కాగితం కూడా బయటికొచ్చింది. కొడుకు 2016లో ఇండియా వచ్చినప్పుడు 100 రూపాయల స్టాంపు పేపర్ మీద "ఈ ఇంట్లో నాకు వాటా అవసరం లేదు" అని రాసి, నోటరీ చేయించి ఇచ్చాడు. మనసు మంచిదే, కాగితమే పనికిరాదు. 100 రూపాయలు, ఆపై విలువ చేసే స్థిరాస్తి హక్కును వదులుకునే పత్రం రిజిస్టర్ కావాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు.

ఏ పత్రం రాయాలి

మా ముందు మూడు దారులున్నాయి. అందరూ తమ హక్కు నేరుగా చిన్నమ్మాయికి విడుదల చేయడం, అంటే ఆమె పేరున వదులుకుంటూ రాసివ్వడం, ఒకటి. ఒకే దస్తావేజుతో పని అయిపోతుంది, ఖర్చూ కలిసొస్తుంది. అల్లుడికి ఇది నచ్చింది. నేను వద్దన్నాను. ఆ దారిలో పెద్దావిడ కూడా మిగతా వాళ్లలాగే ఒక సంతకం పెట్టి పక్కకు తప్పుకున్నట్టు అవుతుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఆవిడ స్థానం ఏమిటి?

రెండోది వీలునామా. నిజానికి నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమందికి నేను వీలునామానే చెబుతాను. స్టాంపు డ్యూటీ లేదు, మనసు మారితే మార్చుకోవచ్చు, బతికున్నంతకాలం ఇల్లు పూర్తిగా వాళ్లదే. కానీ ఇక్కడ అల్లుడు డబ్బు పెట్టబోతున్నాడు. రేపు మారిపోగల కాగితాన్ని నమ్మి శ్లాబు వేయమనడం అతనికి న్యాయం కాదు. పైగా తగాదా వస్తే వీలునామాను కోర్టులో సాక్షి చేత రుజువు చేయించాలి. సాక్షులేమో పెద్దావిడ వయసువాళ్లే.

మూడోది రెండు మెట్ల దారి. మొదట కొడుకు, పెద్దకూతురు, బాబాయి, మేనత్త తమ హక్కులను పెద్దావిడ పేరున విడుదల చేస్తారు. ఆ తర్వాత ఆవిడ, జీవితాంతం అనుభవించే హక్కు తన దగ్గరే ఉంచుకుని, చిన్నమ్మాయికి సెటిల్‌మెంట్ (ఇంట్లోవాళ్లకు ఉచితంగా ఆస్తి ఇచ్చే దస్తావేజు) రాస్తారు. చిన్నమ్మాయి సొంత 10 భాగాలను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. వాటిని కూడా తల్లికి విడుదల చేయించాం. అప్పుడే ఇల్లు మొత్తం మీద ఆవిడ జీవిత హక్కు నిలుస్తుంది. ఇది విన్నప్పుడు చిన్నమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాయండి సార్" అంది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

ఫీజుల మాట క్లుప్తంగా. అమ్మకం దస్తావేజుకు ప్రభుత్వ విలువ మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 7.5 శాతం పడుతుంది. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్, సెటిల్‌మెంట్ పత్రాలకు రేటు తక్కువ. అయితే స్టాంపు చట్టం కుటుంబం అని ఎవరెవర్ని అంటుందో చూసుకుని లెక్క కట్టించాలి. మనం బాబాయి, అత్త అని కలుపుకున్నంత విశాలంగా ఆ చట్టం కలుపుకోదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే డోర్ నంబరు కొట్టి ప్రభుత్వ విలువ చూసుకోవచ్చు. వచ్చినవాళ్లకు నేను ముందే ఆ అంకె చూపించి మాట్లాడతాను.

తలుపు వేసి అడిగిన మాటలు

పత్రం రాయడానికి ముందు నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. ఇల్లు ఎవరికి వెళ్తుందో వాళ్లను బయట కూర్చోబెట్టి, ఇచ్చేవాళ్లతో ఒంటరిగా మాట్లాడతాను. చాలామంది పిల్లలు నొచ్చుకుంటారు. అయినా మానను.

దానికి కారణం ఎనిమిదేళ్ల కిందట నా దగ్గరికొచ్చిన ఒక రిటైర్డ్ ఉద్యోగి. కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసిచ్చారు. అది వేరే ఎవరో రాసిన దస్తావేజు. "ప్రేమాభిమానములతో" అన్న ఒక్క మాట తప్ప అందులో ఆయన గురించి ఇంకేమీ లేదు. ఏడాదిలో ఆయన మంచం వరండాలోకి వచ్చింది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లాం. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని అడిగే హక్కు ఆ సెక్షన్ ఇస్తుంది. కానీ షరతు ఏది? దస్తావేజు మొత్తం వెతికినా ఒక్క వాక్యం లేదు. మేం ఓడిపోయాం. ఆయన బయటికొచ్చి, "ఆ ఒక్క వాక్యం రాయించుకోవాలని నాకెవరూ చెప్పలేదండీ" అన్నారు. ఆ మాట నేను మరచిపోలేను.

2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు కూడా షరతు ఉంటేనే సెక్షన్ 23 వర్తిస్తుందని చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్ల మేలు కోసం ఉదారంగా చదవాలంది. అక్కడ గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా కలిపి చూసి, ఆస్తి తల్లికి తిరిగి ఇప్పించింది. మంచి తీర్పు. కానీ కోర్టు ఉదారంగా చదువుతుందిలే అని షరతు రాయకుండా వదిలేసే లాయరు పెద్దవాళ్లకు అన్యాయం చేసినట్టే.

పెద్దావిడను ఒంటరిగా అడిగాను. మీ అంతట మీరే ఇస్తున్నారా? అమ్మాయితో పడకపోతే ఎక్కడుంటారు? చేతి ఖర్చుకు డబ్బు ఎక్కడిది? మీకంటే ముందు అమ్మాయికే ఏదైనా అయితే?

చివరి ప్రశ్నకు ఆవిడ కళ్లు చెమర్చాయి. "అలాంటి మాట ఎందుకంటావు నాయనా" అన్నారు. అనాల్సిన మాటే. కూతురు ముందు పోతే ఆమెకు వచ్చిన హక్కు ఆమె భర్తకు, పిల్లలకు వెళ్తుంది. పెద్దావిడ అల్లుడి ఇంట్లో ఉన్నట్టవుతుంది. అందుకే జీవిత హక్కు కూతురి మీదే కాదు, కూతురి వారసుల మీద కూడా ఉండేలా రాయాలి. కాసేపటికి ఆవిడ నిదానంగా చెప్పారు: "ముందు గది అద్దె నాకు రావాలి. నా మందులకు ఎవర్నీ అడగను. వంటింట్లో పొయ్యి నాది నాకుండాలి."

ఆ మూడు మాటలూ దస్తావేజులోకి ఇలా వెళ్లాయి:

"సదరు ఇంటిలో నా యావజ్జీవితం నివసించుటకు, ముందు గది అద్దె నేనే వసూలు చేసుకుని అనుభవించుటకు, వంటగది వాడుకొనుటకు నాకు పూర్తి హక్కు కలదు. నీవు నాకు తిండి, బట్ట, వైద్యం లోటు లేకుండా చూచుకొనవలెను. ఈ షరతు మీదనే ఈ సెటిల్‌మెంట్ వ్రాసి ఇచ్చుచున్నాను. ఈ షరతు నీకును, నీ వారసులకును వర్తించును. నా జీవితానంతరం సదరు ఆస్తిని నీవు దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొనవచ్చును."

హక్కు ఇప్పుడే చిన్నమ్మాయికి వచ్చేసింది, అనుభవం మాత్రం తల్లి తర్వాత. ఇలా స్వాధీనం తన దగ్గరే ఉంచుకుని ఇవ్వడం చెల్లుతుందా అని అల్లుడు అడిగాడు. చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన రేనికుంట్ల రాజమ్మ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. రిజిస్టరై, ఇద్దరు సాక్షుల సంతకాలతో, తీసుకున్నవాళ్లు అంగీకరించిన గిఫ్ట్ స్వాధీనం ఇవ్వకపోయినా పూర్తవుతుందని చెప్పింది. అదే తీర్పు పెద్దావిడకు ఒక హెచ్చరిక కూడా. ఆ కేసులో ఇచ్చినావిడ తర్వాత తనంతట తాను రద్దు పత్రం రాస్తే అది నిలవలేదు. "అమ్మా, ఒకసారి రాశాక రేపు మనసు మారిందని మీరొక్కరే రద్దు చేసుకోలేరు. షరతు తప్పితేనే దారి ఉంటుంది" అని రెండుసార్లు చెప్పి, అర్థమైందా అని ఆవిడ మాటల్లోనే మళ్లీ చెప్పించుకున్నాను.

బాబాయి సంతకం

ఏడు నెలల్లో సగం కాలం దీనికే పట్టింది. పెద్దమ్మాయి విజయవాడ నుంచి ఒక రోజు వచ్చి వెళ్తే సరిపోయింది. మేనత్త ఫోన్లోనే సరేనన్నారు. బాబాయి ఫోన్ ఎత్తలేదు.

ఇలాంటిచోట లాయరు నోటీసు పంపితే పని చెడుతుంది. కుటుంబాన్ని అడిగి నేనే వెళ్లాను, 45 భాగాలు వేసిన తెల్లకాగితం పట్టుకుని. ఆయన చాలాసేపు ఆ కాగితం చూశారు. "అన్న ఇంట్లో నాకు వాటా ఉందని వాళ్లే మీ చేత చెప్పించారా?" అని అడిగారు. అవునన్నాను. దాచి ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ సంగతి ఆయనకు తగిలింది. డబ్బు అడగలేదు. వదిన వచ్చి అడిగితే పెడతానన్నారు. పెద్దావిడ మర్నాడే ఆటో కట్టించుకుని వెళ్లారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. విడుదల పత్రం రిజిస్ట్రేషన్ రోజున బాబాయి అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు.

కొడుకు విషయంలో పని కాగితాలదే. సంక్రాంతి దాకా రాలేనన్నాడు. కాబట్టి అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించాడు. అమ్మేందుకూ కొనేందుకూ అన్నిటికీ పనికొచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఈ ఒక్క ఇంట్లో తన హక్కు తల్లికి విడుదల చేసే పనికి మాత్రమే, పెద్దక్క పేరు మీద స్పెషల్ పవర్ రాయించాను. విదేశంలో రాసిన పవర్‌కు అది ఇండియాకు వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. వచ్చిన తేదీకి రుజువు కొరియర్ కవరే. పెద్దమ్మాయి దాన్ని చింపి పారేయబోతుంటే ఆపి, ఫైల్లో పిన్ చేశాను.

ఈలోగా మిగతావి చూసుకున్నాం. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసి తాకట్లేవీ లేవని, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఎ జాబితాలో ఈ నంబరు లేదని నిర్ధారించుకున్నాం. 1987 నాటి హద్దుల్లో ఉన్న పొరుగువాళ్లెవరూ ఇప్పుడు లేరు, డోర్ నంబరూ మారింది. దస్తావేజులో ఆస్తి వివరాలుండే షెడ్యూల్‌లో పాతది, కొత్తది రెండూ రాశాం. టేపు పెట్టి కొలిస్తే వీధి వైపు కొంత కాలువలోకి పోయినట్టు తేలింది. ఉన్న కొలతే రాయించాను.

రిజిస్ట్రేషన్ రోజు

సెటిల్‌మెంట్ అక్టోబరులో అయింది. సాక్షులుగా వీధిలోని రిటైర్డ్ మాస్టారిని, పెద్దల్లుడిని పెట్టాను. పెద్దకూతురి ఇంటి మనిషి సాక్షిగా ఉంటే, మాకు తెలియకుండా జరిగిందన్న మాట తర్వాత ఎవరూ అనలేరు.

వేలిముద్రల దగ్గర ఆగిపోయాం. పెద్దావిడ బొటనవేలు మిషన్ తీసుకోవడంలేదు. తడిగుడ్డతో తుడిచారు, వేలు మార్చారు, మళ్లీ పెట్టారు. వెనక లైన్లో జనం. ఆవిడకు టెన్షన్ మొదలైంది. "నలభై ఏళ్లు గచ్చు తోమిన చేతులు నాయనా, గీతలన్నీ అక్కడే పోయాయి" అని రెండు అరచేతులూ చాపి చూపించారు. నిజంగానే వేళ్ల చివర్లు నున్నగా గాజులా ఉన్నాయి. క్లర్కు కుర్రాడు లేచి వచ్చి, ఆవిడ చేతిని తన చేత్తో పట్టుకుని ఒక్కో వేలూ నెమ్మదిగా అద్దాడు. ఎడమచేతి ఉంగరపు వేలు పడింది.

సబ్‌రిజిస్ట్రార్ "ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా అమ్మా?" అని అడిగారు. ఆవిడ అవునని ఊరుకోలేదు. "ముందు గది అద్దె నాకే అని రాశారు కదా, అది చూసే పెట్టాను సంతకం" అన్నారు.

పన్నుల మాట అల్లుడు అడిగాడు గనుక చెబుతున్నాను. తల్లి నుంచి కూతురికి ఇలా ఉచితంగా వచ్చిన ఇంటి మీద ఆదాయపు పన్ను పడదు. ఇంటి పన్ను రికార్డులో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాం, కొత్త ఈసీలో సెటిల్‌మెంట్ ఎక్కిందో లేదో చూసుకున్నాం. కరెంటు మీటరు పెద్దావిడ పేరు మీదే ఉంచమని నేనే చెప్పాను.

ఒరిజినల్ దస్తావేజు ఎవరి దగ్గరుండాలన్నది చివరి ప్రశ్న. మామూలుగా తీసుకున్నవాళ్లు పట్టుకెళ్తారు. నేను సర్టిఫైడ్ కాపీ ఒకటి తీయించి చిన్నమ్మాయికి ఇచ్చాను, ఒరిజినల్ పెద్దావిడ చేతిలో పెట్టాను. మొదటిరోజు రసీదులు తెచ్చిన ఆ ప్లాస్టిక్ కవరులోనే పెట్టుకుని, రెండుసార్లు మడిచి, చీర కొంగు కింద పట్టుకుని ఆటో ఎక్కారు. పక్కన బాబాయి కూర్చున్నారు.